పోటు వేళకు ఆగే బండి

"ఈ బండికి ఏ రోగమూ లేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు మెకానిక్.

"రోగం లేని బండి నాలుగుసార్లు ఎందుకు ఆగిపోయింది?"

"అదే తెలిస్తే మబ్బులాయన బతికుండేవాడు కదమ్మా!"

డిటెక్టివ్ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. మూడు రాత్రుల నుంచి నిద్ర లేని మనిషి మొహం అది. నూనె మరకల గుడ్డను అటూ ఇటూ మెలిపెడుతున్నాడు. అబద్ధం చెప్పేవాడికి ఉండే భయం వేరు, తననే పట్టుకుపోతారేమోనన్న భయం వేరు. ఇతనిది రెండో రకం అనిపించింది ఆమెకు. 

షెడ్డు మధ్యలో ఇసుకలో నడిచే నాలుగు చక్రాల ఎర్ర ఏటీవీ నిలబడి ఉంది. లావుపాటి టైర్లు, వెడల్పాటి సీటు, ముందు ఇనుప బుట్ట. ఆ బుట్టలోనే వాతావరణ కేంద్రం సామాను పెట్టుకుని, పదిహేడేళ్ళుగా మబ్బులాయన దీవికి వెళ్ళొచ్చేవాడు. ఆకాశం చూసి వాన చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకే ఆ పేరు.

ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గితే, తీరం నుంచి రాతి దీవి దాకా ఇసుక నేల తేలుతుంది. బండి మీద అరగంట దారి. మధ్యలో రెండు పాయలు అడ్డంగా ఉంటాయి. పోటు తిరగ్గానే ముందు నిండేవి ఆ పాయలే. ఇసుక మునిగేది తర్వాత. అంటే పోటులో చిక్కుకున్న మనిషి కాసేపు పొడి నేల మీదే నిలబడి ఉంటాడు. ముందుకూ వెనక్కూ దారి మాత్రం ఉండదు.

మబ్బులాయన అలాగే పోయాడు. అంతకు ముందు మూడుసార్లు బండి ఆ రెండు పాయల మధ్యే ఆగింది. మూడుసార్లూ బండిని తోసుకుంటూ ఎలాగో బయటపడ్డాడు. నాలుగోసారి ఆయన శవం వచ్చింది.

"మొదటిసారి ఆగినప్పుడు నువ్వేం చేశావో వరసగా చెప్పు," అంది డిటెక్టివ్.

"మూత తీసి పెట్రోలు చూశాను. నిండుకుండలా ఉంది. స్విచ్చి నొక్కగానే అందుకుంది. అయినా ఎందుకైనా మంచిదని ప్లగ్ మార్చాను."

"రెండోసారి?"

"మళ్ళీ మూత తీసి చూశాను. నిండుగానే ఉంది. పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమోనని సీసాలోకి పట్టి చూశాను. చుక్క కూడా లేదు. కార్బ్యురేటర్ విప్పి కడిగాను. మూడోసారి ఫిల్టరు, పైపు, వైర్లు అన్నీ కొత్తవి వేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద తిప్పాను. ఆగితే చెవి కోయించుకుంటాను!"

"ట్యాంకు నిండా పోసి తిప్పావా?"

మెకానిక్ నవ్వబోయి ఆగాడు. "నిండా పోసి తిప్పడానికి అదేమన్నా మా తాత పెట్టిన బంకా అమ్మా? అడుగున కాస్త పోసుకుని తిప్పాను."

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గట్టిగా ఆవులించాడు. కేసు మూసేసింది ఆయనే. మూసిన కేసును ఒక ప్రైవేటు డిటెక్టివ్, అందులోనూ జుట్టు నెరిసిన ఆడమనిషి, వచ్చి తెరిపించడం ఆయనకు గొంతులో ముల్లులా ఉంది.

"అడిగిందే అడుగుతారేం మేడమ్? ఆయన పోయాక ఈ బండిని విప్పి ఆరబెట్టించి, ట్యాంకు మెడదాకా పోయించి, మా డ్రైవరుతో ఇక్కడే రెండు గంటలు నేనే తిప్పించాను. ఒక్కసారి ఆగలేదు. తర్వాత పెట్రోలు తోడించి, షెడ్డుకు సీలు వేశాను. ఆ సీలు ఇవాళ మీ ముందే తీశాను. ఇంజిన్ ఆగి చావలేదాయన. ఆలస్యంగా బయల్దేరి చచ్చాడు."

"పదిహేడేళ్ళు సముద్రం మధ్యలో కూర్చున్నవాడికి పోటు ఎప్పుడొస్తుందో తెలియదా?"

"గజ ఈతగాళ్ళే నీళ్ళలో పోతారు మేడమ్. భయం ఉన్నవాడు గట్టునే ఉంటాడు."

ఆ మాట డిటెక్టివ్‌కు సూదిలా దిగింది. ఆమెకు ఈత రాదు. ఈత మాట అటుంచి, మోకాలి లోతు నీళ్ళలో కూడా దిగదు. ఈ కేసు ఒప్పుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

షెడ్డు బయట బల్ల మీద మబ్బులాయన భార్య కూర్చుని ఉంది. డిటెక్టివ్ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆయనకు పగవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?"

"చీమకు కూడా దారి ఇచ్చే మనిషండీ. పగ ఎవరికుంటుంది?" ఆవిడ గొంతు తగ్గించింది. "కానీ మొదటిసారి బండి ఆగడానికి వారం ముందు అన్నం ముట్టకుండా లేచిపోయారు. ఏమిటంటే, 'దుర్భిణిలోంచి చూడకూడనిది చూశాను. ఏడాది నుంచి మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు' అన్నారు."

"ఏం చూశారో చెప్పారా?"

"లేదు. ఎవరి గురించి అని నిలదీస్తే, 'మనవాడే' అన్నారు. ముందు అతనితోనే మాట్లాడి, ఆ తర్వాత పైవాళ్ళకు చెప్తానన్నారు. మాట్లాడారో లేదో నాకు తెలియదు."

డిటెక్టివ్ ఆ మాటనే పట్టుకుంది. హంతకుడితో మాట్లాడటానికి తనంతట తానే వెళ్ళాడా ఈ మనిషి?

ఇంకో ప్రశ్న అడిగేలోపు అటు నుంచి సరంగు వచ్చాడు, చేతిలో పెట్రోలు డబ్బాతో. రక్షణ పడవ నడిపేదీ, మబ్బులాయన బండికి పెట్రోలు పోసేదీ అతనే. ఎత్తైన మనిషి, మెత్తని మాట. ఈ తీరంలో అతను నీళ్ళలోంచి లాగి బతికించినవాళ్ళు డజనుకు పైనే. పోయినేడు అతని సొంత అన్నే ఆ పాయల్లో మునిగిపోయాడు. అతని పడవ వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. అప్పటి నుంచి అతన్ని చూస్తే ఊరంతటికీ జాలి.

"పొద్దున ఏమన్నా తిన్నావా చెల్లెమ్మా?" అని అడిగాడు మబ్బులాయన భార్యను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "తిన్నాను అన్నయ్యా," అంది.

సరంగు షెడ్డులోకి వెళ్ళి బండి ట్యాంకు నింపాడు. ఒక్క చుక్క కింద పడకుండా మెడదాకా పోసి, మూత బిగించి, గుడ్డతో తుడిచాడు. అప్పుడు మెకానిక్ వెనక చక్రాల దగ్గర గాలి చూస్తున్నాడు, ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఉన్నాడు.

"నిండా పోశాను మేడమ్. దారిలో మాత్రం మూత తీయకండి. ఉప్పు గాలికి ఇసుక రేణువు ఒక్కటి పడ్డా ఇంజిన్ పాడైపోతుంది. మబ్బులాయనకూ ఇదే చెప్పేవాణ్ణి."

"థాంక్స్ సరంగూ," అంది డిటెక్టివ్. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆయన వెళ్ళిన దారిలో, ఆయన వెళ్ళిన వేళకే, నేను వెళ్ళి చూస్తాను."

"ఒక్కరేనా? బండి ఆగిందని మీరొచ్చి కథ చెప్తే నేను నమ్మాలా? నేనూ వస్తాను. ఆగకపోతే ఈ కేసులో మళ్ళీ వేలు పెట్టనని రాసివ్వండి."

"రాసిస్తాను."

మెకానిక్ అడ్డం వచ్చాడు. "వద్దమ్మా! పోటు తిరగడానికి అరగంట కూడా లేదు."

"ఏమైనా అయితే బాబాయ్ ఉన్నాడుగా పడవేసుకుని," అన్నాడు ఇన్‌స్పెక్టర్, సరంగు భుజం మీద చరుస్తూ. సరంగు తల ఊపాడు.

డిటెక్టివ్ బండి నడిపింది, ఇన్‌స్పెక్టర్ వెనక కూర్చున్నాడు. ఇసుక తడిగా, గట్టిగా ఉంది. మొదటి పాయలో చీలమండ లోతు నీళ్ళే. ఆమె పళ్ళు బిగించి దాటించింది. ఇంజిన్ మాత్రం గడియారంలా కొట్టుకుంటోంది.

"వింటున్నారా మేడమ్? పాట పాడుతోంది మీ రోగిష్ఠి బండి."

ఆ మాట పూర్తవుతుండగానే పాటలో ఒక తాళం తప్పింది. యాక్సిలరేటర్ ఇస్తే అందుకోలేదు. ఆకలితో ఉన్నవాడి నడకలా నాలుగు అడుగులు తూలి, బండి ఆగిపోయింది.

గాలి హోరు తప్ప ఏ చప్పుడూ లేదు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "స్టార్ట్ చెయ్యండి."

స్విచ్చి నొక్కింది. ఇంజిన్ తిరిగింది కానీ అందుకోలేదు. చోక్ లాగి నొక్కింది, చోక్ వదిలి నొక్కింది. లాభం లేదు. బ్యాటరీ అయిపోతుందని చెయ్యి తీసేసింది. పెట్రోలు ముల్లు నిండుగా చూపిస్తోంది. మబ్బులాయన కూడా ఈ ముల్లునే చూసి ఉంటాడు, ఇక్కడే కూర్చుని.

పది నిమిషాలు ఆగి మళ్ళీ నొక్కితే, ఆశ్చర్యం, అందుకుంది! ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. బండి తిప్పి తీరం వైపు పోనిచ్చింది. వంద గజాలు పోయిందో లేదో, మళ్ళీ అదే తూలుడు. కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ మీద మళ్ళీ ఆగిపోయింది.

"నడిచిపోదాం పదండి," అంటూ ఇన్‌స్పెక్టర్ దిగి, మొదటి పాయ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. అంత వేగంగానూ వెనక్కి వచ్చాడు. బట్టలు ఛాతీ కింది దాకా తడిసిపోయి ఉన్నాయి.

"పోటు తిరిగింది. నీళ్ళు ఏరులా లాగేస్తున్నాయి. మధ్యకి వెళ్ళకముందే కాళ్ళు తేలిపోయాయి." ఫోన్ తీశాడు. "బాబాయ్‌ని పిలుస్తాను."

డిటెక్టివ్ వినలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. వింటే భయంతో చేతులు పనిచెయ్యవు. చిన్నప్పుడు నాన్న వర్క్‌షాపులో నేర్చుకున్న పాఠం ఒక్కటే పట్టుకుంది. ఇంజిన్‌కు కావలసినవి మూడు: నిప్పు, గాలి, పెట్రోలు. నిప్పూ గాలీ లేకపోతే ఇందాక పది నిమిషాల తర్వాత అందుకునేది కాదు. ఇక మిగిలింది పెట్రోలు.

సీటు కింద స్క్రూడ్రైవర్ ఉంది. కార్బ్యురేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసింది. ట్యాంకు నిండుగా ఉంటే ఇక్కడ ధారగా కారాలి. నాలుగు చుక్కలు రాలాయి. ఆగిపోయింది.

పైన నిండా పెట్రోలు. కింద చుక్క లేదు. పైపు కొత్తది, ఫిల్టరు కొత్తది. మరి పెట్రోలును పైన పట్టి ఆపుతున్నదేమిటి?

కూల్‌డ్రింకులో స్ట్రా ముంచి, పైన వేలితో మూసి ఎత్తితే లోపలి నీళ్ళు కింద పడవు. గాలి లోపలికి వెళ్ళందే ఏదీ కిందికి రాదు.

ఆమె చెయ్యి ట్యాంకు మూత మీదికి వెళ్ళింది.

"మేడమ్, మూత తీయొద్దంటున్నాడు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని.

ఆమె మూత తిప్పింది. 'స్స్స్' మంటూ పాము బుసకొట్టినట్టు గాలి లోపలికి దూసుకుపోయింది. కింద వదులు చేసిన స్క్రూ దగ్గర పెట్రోలు ధార కట్టింది. గబగబా స్క్రూ బిగించి, మూత పక్కన పెట్టి, స్విచ్చి నొక్కింది. మొదటి దెబ్బకే ఇంజిన్ భళ్ళున అందుకుంది.

మూత తిరగేసి చూసింది. గాలి పోవడానికి ఉండే సన్నటి రంధ్రంలో పారదర్శకమైన జిగురు గట్టిపడి ఉంది. వేలి గోటితో గీకినా రాలేదు.

"ఇదే," అంది. "ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి కొంచెమే ఉంటుంది. గాలి లోపలికి రాకపోతే కాస్త దూరం పోగానే పెట్రోలు కిందికి దిగక ఇంజిన్ ఆగిపోతుంది. మెకానిక్ ప్రతిసారీ ముందు మూత తీసేవాడు, అక్కడితో రోగం మాయం. అడుగున కాస్త పోసి తిప్పినా ఆగలేదు. అందుకే అతనికి ఎప్పుడూ దొరకలేదు."

"కానీ నేను మెడదాకా పోయించి తిప్పించానే! ఆగలేదుగా!"

"అప్పుడు ఈ మూత లేదు. మంచి మూత ఉంది. ఆయన పోయాక బండి దగ్గరికి మొట్టమొదట వెళ్ళిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ తీరం వైపు చూశాడు. "రక్షణ పడవ."

"సీలు తీశాక, ఇవాళ ఈ మూత మీద చెయ్యి వేసిందెవరు? మూత తీయొద్దని నాకూ, మబ్బులాయనకూ చెప్పిందెవరు?"

"బాబాయ్..." అన్నాడాయన. అది నిజంగా బాబాయిని పోగొట్టుకున్నవాడి మాటలా వినిపించింది. "కాదు మేడమ్. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు."

"ఇందాక ఫోన్‌లో ఏం చెప్పారు?"

"బండి ఆగిందన్నాను. దిబ్బ మీద ఉన్నామన్నాను. మీరు... మీరు మూత విప్పుతున్నారని చెప్పాను. 'వద్దని చెప్పు' అన్నాడు. అప్పటికే విప్పేశారన్నాను."

"అప్పుడేమన్నాడు?"

"కాసేపు పలకలేదు. తర్వాత 'వస్తున్నా, కదలకండి' అన్నాడు."

ఆమె బండి ఎక్కి దిబ్బ చుట్టూ ఒకసారి తిప్పింది. ఎటు వెళ్ళినా నీళ్ళే అడ్డం వచ్చాయి. బాగుపడ్డ బండి ఉంది, పోవడానికి నేల లేదు. మళ్ళీ దిబ్బ నడినెత్తికి తెచ్చి, ఇంజిన్ ఆపకుండానే నిలిపింది.

"పిస్తోలు ఉందా?"

"జీపులో ఉంది."

"స్టేషన్‌కు చెయ్యండి. ఇంకో పడవ పంపమనండి."

ఆయన చేశాడు. అరిచాడు, బతిమాలాడు. ఫోన్ దించి, "రేవు నుంచి ఇంకో పడవ రావాలంటే ముప్పావు గంట పడుతుందట," అన్నాడు. ఇద్దరూ కిందికి చూసుకున్నారు. నీళ్ళ అంచు నురగతో బండి ముందు చక్రాన్ని తాకి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక్కి వెళ్ళలేదు.

అప్పుడు కనిపించింది పడవ. తీరం వైపు నుంచి నీళ్ళను చీల్చుకుంటూ నేరుగా వస్తోంది. కాసేపటి క్రితమైతే ఆ దృశ్యానికి ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టి ఉండేది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఆమె పట్టుకుని కిందికి లాగింది.

"పక్కకు రాగానే ఇద్దరం కలిసి ఎక్కుదాం," అన్నాడు ఆయన గుసగుసగా. "ఒక్కడు ఇద్దరినేం చెయ్యగలడు? నేను ముందు ఎక్కుతాను. వాడి చేతిలో గెడ ఉంటే మీరు..."

మాట మధ్యలో ఆగిపోయింది. పడవ ఇంజిన్ చప్పుడు ఆగింది.

పిలిస్తే వినిపించేంత దూరంలో పడవ నిలిచింది. సరంగు లేచి, తొందరేమీ లేకుండా లంగరు వేశాడు. తాడు బిగుసుకుందో లేదో లాగి చూసుకున్నాడు. తర్వాత వాళ్ళ వైపు మొహం పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"బాబాయ్!" ఇన్‌స్పెక్టర్ గొంతు చించుకుని అరిచాడు. "ఇటు! ఇటు రా!"

సరంగు కదల్లేదు.

డిటెక్టివ్‌కు అప్పుడు అర్థమైంది. మబ్బులాయన్ని ఎవరూ నీళ్ళలో ముంచలేదు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఆయన ఇలాగే నిలబడి అరుస్తుంటే, అతను అలాగే కూర్చుని చూశాడు. పోయినేడు దీవి మీద నుంచి దుర్భిణిలో ఆయన చూసిందీ ఇదే. నీళ్ళలో అన్న, పడవలో తమ్ముడు, మధ్యలో రెండు బారల దూరం.

"ఆలస్యంగా వెళ్ళానని ఏడ్చాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆమె మనసులో మాట విన్నట్టు. "నా భుజం మీదే తలపెట్టి ఏడ్చాడు. నేనే నీళ్ళు తాగించాను."

నీళ్ళు చీలమండ దాటాయి. చల్లదనానికి ఆమె పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఫోన్ పైకెత్తి పట్టుకున్న ఇన్‌స్పెక్టర్, ఉన్నట్టుండి దాన్ని పడవ వైపు తిప్పాడు. కెమెరా నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

"స్టేషన్‌కు పంపుతున్నాను. మనం పోయినా ఈ బొమ్మ ఉంటుంది." అది వెళ్ళిందని ఫోన్ టింగుమంది. "మేడమ్, ఈత వచ్చా?"

"రాదు."

ఆయన ఆమె వైపు చూశాడు. పొద్దున్నుంచి మొదటిసారి ఆ చూపులో వెటకారం లేదు. నడుము బెల్టు ఊడదీసి, ఒక కొస ఆమె మణికట్టుకు, ఇంకో కొస తన మణికట్టుకు బిగించాడు.

"సీటు మీదికి ఎక్కండి. ముప్పావు గంట నిలబడాలి."

ఆమె ఎక్కింది. ఎత్తు నుంచి చూస్తే సముద్రం ఇంకా పెద్దదిగా కనిపించింది, పడవ ఇంకా దగ్గరగా. సైలెన్సరును నీళ్ళు తాకగానే ఇంజిన్ బుడగలు కక్కి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అటు నుంచి ఒక చప్పుడు వినిపించింది. సరంగు లేచి నిలబడి, లంగరు తాడు మెల్లగా పైకి లాగుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోన్ అతనికీ కనిపించింది. దాని కోసమే వస్తున్నాడు, బొమ్మ అప్పటికే స్టేషన్‌కు చేరిందని తెలియక.